యాప్ మొదలయ్యే కోడ్ ఒక్కసారే నడవాలంటే ఎలా?

అమీర్‌పేటలో ఆదివారం బ్యాచ్‌కి పాఠం చెప్తుంటాను. జీతాల గురించి అడిగేవాళ్ల తర్వాత ఎక్కువమంది అడిగేది ఇదే: "అన్నా, యాప్ ఓపెన్ చేసినప్పుడు ఒక్కసారి నడవాల్సిన కోడ్ మళ్లీ మళ్లీ నడుస్తోంది, ఏం చేయాలి?" వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్, దాని యాప్‌లు రాసే భాష కోట్లిన్ గురించే. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, ఐఫోన్ వాళ్లకి చివర్లో కొంత ఉంది.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. కొన్నేళ్ల కింద ఇక్కడే హాస్టళ్ల సందులో ఉన్న ఒక మెస్‌కి చిన్న యాప్ రాసిచ్చాను. మొదటిసారి యాప్ తెరిచినవాళ్లకి 50 రూపాయల కూపన్, అంతే, అందులో పెద్ద పనేం లేదు అనుకున్నాను. నాలుగో రోజు ఓనర్ ఫోన్ చేశాడు. "ఏంది బాబూ, ఒక్క పిలగానికే ఐదు కూపన్లు వచ్చినయ్. ఫోన్ అడ్డం తిప్పితే ఒకటి, నిలువు తిప్పితే ఇంకోటి వస్తున్నదంట. రూమ్‌ల అందరికీ చెప్పిండు వాడు!" నా దగ్గర జవాబు లేదు. కూపన్ ఇచ్చే కోడ్‌ని నేను మెయిన్ యాక్టివిటీ (యాప్ మొదటి స్క్రీన్) ఆన్‌క్రియేట్‌లో, అంటే అది తయారయ్యేటప్పుడు సిస్టమ్ పిలిచే ఫంక్షన్‌లో పెట్టాను. ఫోన్ తిప్పిన ప్రతిసారీ ఆండ్రాయిడ్ ఆ యాక్టివిటీని పడేసి కొత్తది కడుతుంది, కొత్తది కట్టిన ప్రతిసారీ ఆన్‌క్రియేట్ నడుస్తుంది. నాకప్పటికి ఆ సంగతి పుస్తకంలో చదివినంత మేరకే తెలుసు.

కావాల్సినవి

ఆండ్రాయిడ్ స్టూడియో. ఒక అసలైన ఫోన్, ఎందుకంటే ఎమ్యులేటర్ మీద తిప్పి చూడటం, చేతిలో ఫోన్ పట్టుకుని తిప్పి చూడటం ఒకటి కాదు. డేటా కూడా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ కావాలి. రోడ్డు మీద కొన్న కేబుల్స్‌లో కొన్ని చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు, క్లాసులో సగం టైమ్ దీనికే పోతుంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. ఆటో రొటేట్ కూడా ఆన్‌లో ఉంచండి.

కాపీ కొట్టుకోవడానికి ఇక్కడ కోడ్ ఏమీ పెట్టలేదు. కావాలనే. ఏ లైన్ ఎక్కడ ఉండాలో అర్థమైతే రాయడానికి పది నిమిషాలు చాలు. అర్థం కాకుండా అతికిస్తే వచ్చే ఆదివారం మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

1. ముందు "ఒక్కసారి" అంటే దేనికి ఒక్కసారో తేల్చుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. కాగితం మీద మీ స్టార్టప్ పనులన్నీ రాయండి, ప్రతి దాని పక్కన కింది వాటిలో ఒకటి రాయండి:

- స్క్రీన్‌కి ఒక్కసారి: ఫోన్ తిప్పినా మళ్లీ నడవకూడదు. ఉదాహరణకి స్క్రీన్ తెరవగానే మెనూ లిస్టు తెచ్చుకోవడం.
- ప్రాసెస్‌కి ఒక్కసారి: యాప్ మెమరీలోకి వచ్చిన ప్రతిసారీ ఒకసారి. లాగింగ్, క్రాష్ రిపోర్టింగ్, డేటాబేస్ తెరవడం లాంటివి.
- ఇన్‌స్టాల్‌కి ఒక్కసారి: పరిచయం స్క్రీన్లు, డేటాబేస్‌లో మొదటి వరుసలు నింపడం.
- వెర్షన్‌కి ఒక్కసారి: అప్‌డేట్ తర్వాత "కొత్తగా ఏముంది" చూపించడం, పాత డేటాని కొత్త పద్ధతికి మార్చడం.
- మనిషికి ఒక్కసారి: కూపన్, స్వాగతం మెసేజ్, ఫ్రీ ట్రయల్.

ఒక్కో రకానికి ఒక్కో చోటు ఉంది. క్రాష్ రిపోర్టింగ్‌ని ఇన్‌స్టాల్‌కి ఒక్కసారే నడిపిన కుర్రాడు ఒకడున్నాడు మా బ్యాచ్‌లో, మొదటి రోజు తప్ప ఆ తర్వాత ఒక్క క్రాష్ కూడా రిపోర్ట్ కాకపోతే తన యాప్ బ్రహ్మాండంగా ఉందనుకున్నాడు పాపం.

2. ప్రాసెస్‌కి ఒక్కసారి నడవాల్సింది అప్లికేషన్ క్లాస్‌లోకి

అప్లికేషన్ క్లాస్‌ని ఆధారంగా తీసుకుని మీ సొంత క్లాస్ ఒకటి రాసి, దాని ఆన్‌క్రియేట్‌లో ఆ పనులు పెట్టండి. తర్వాత మానిఫెస్ట్‌లో (యాప్ వివరాలు సిస్టమ్‌కి చెప్పే ఫైల్) అప్లికేషన్ ట్యాగ్‌కి నేమ్ అనే చోట ఆ క్లాస్ పేరు ఇవ్వండి. ఇది మర్చిపోతే ఎర్రర్ ఏమీ రాదు, మీ కోడ్ అసలు నడవదు, అంతే. "ఒక్కసారి కూడా నడవట్లేదన్నా" అని వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కేసు.

మూడు జాగ్రత్తలు.

మొదటిది, ఈ ఆన్‌క్రియేట్ మెయిన్ థ్రెడ్ మీద (స్క్రీన్‌ని గీసేదీ ఇదే), మొదటి స్క్రీన్ కంటే ముందు నడుస్తుంది. ఇక్కడ బరువైన పని పెడితే యాప్ తెల్ల మొహం వేసుకుని నిలబడుతుంది. యాప్ సున్నా నుంచి మొదలై స్క్రీన్ కనిపించడానికి 5 సెకన్లు, అంతకు మించి పడితే ప్లే కన్సోల్ లెక్కలో అది మరీ నెమ్మది. వెంటనే అవసరం లేనిదాన్ని లేజీగా, అంటే మొదటిసారి వాడినప్పుడు తయారయ్యేలా రాయండి. కోట్లిన్‌లో బై లేజీ అంటే రెండు థ్రెడ్లు ఒకేసారి అడిగినా మామూలుగా ఒక్కసారే తయారవుతుంది.

రెండోది, మీ యాప్ ఐకాన్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా అప్లికేషన్ ఆన్‌క్రియేట్ నడవచ్చు. పుష్ నోటిఫికేషన్ వచ్చినా, వర్క్ మేనేజర్ (వెనక పనులు నడిపే లైబ్రరీ) పని ఉన్నా, సిస్టమ్ మీ ప్రాసెస్‌ని లేపుతుంది. కాబట్టి "యూజర్ యాప్ తెరిచాడు" అనే లెక్క ఇక్కడ రాయకండి. రాత్రి రెండింటికి కూడా జనం మీ యాప్ వాడుతున్నట్టు కనిపిస్తుంది.

మూడోది, మానిఫెస్ట్‌లో ఏదైనా సర్వీస్‌కి విడిగా ప్రాసెస్ పేరు ఇచ్చి ఉంటే (మీరు ఇవ్వకపోయినా మీరు కలిపిన లైబ్రరీ ఇచ్చి ఉండొచ్చు) అప్లికేషన్ ఆన్‌క్రియేట్ ప్రతి ప్రాసెస్‌లోనూ విడిగా నడుస్తుంది. ప్రాసెస్ పేరు, ప్యాకేజీ పేరు ఒకటే అయితేనే ముందుకెళ్లేలా ఒక ఇఫ్ పెట్టండి. ప్రాసెస్ పేరు ఇచ్చే ఫంక్షన్ ఆండ్రాయిడ్ 9 నుంచి అప్లికేషన్ క్లాస్‌లోనే ఉంది.

3. స్క్రీన్‌కి ఒక్కసారి నడవాల్సింది వ్యూమోడల్‌లోకి

ఫోన్ తిప్పడం ఒక్కటే అనుకోకండి. డార్క్ మోడ్ మార్చినా, అక్షరాల సైజు మార్చినా, భాష మార్చినా యాక్టివిటీ మళ్లీ కట్టబడుతుంది. వ్యూమోడల్ (స్క్రీన్ డేటాని పట్టుకునే క్లాస్) మాత్రం ఈ మార్పులన్నిటినీ తట్టుకుని నిలబడుతుంది, అందుకే డేటా తెచ్చే పనిని దాని ఇనిట్ బ్లాక్‌లో (అది తయారైనప్పుడు నడిచే చోటు) పెడితే స్క్రీన్‌కి ఒక్కసారే నడుస్తుంది.

చాలామంది దీనికి బదులు ఆన్‌క్రియేట్‌లో సేవ్డ్ ఇన్‌స్టన్స్ స్టేట్ (పాత స్క్రీన్ దాచిపెట్టిన డేటా) నల్, అంటే ఏమీ లేకపోతేనే నడిపించు అని రాస్తారు. ఫోన్ తిప్పినప్పుడు బాగానే పనిచేస్తుంది. తర్వాత ఏమవుతుందంటే, యూజర్ మీ యాప్‌ని వెనక్కి పెట్టి ఇన్‌స్టాలో అరగంట రీల్స్ చూస్తాడు, ఫోన్‌లో మెమరీ చాలక సిస్టమ్ మీ ప్రాసెస్‌ని చంపేస్తుంది, అతను రీసెంట్స్‌లోంచి తిరిగొస్తాడు. ఇప్పుడు ఆ స్టేట్ నల్ కాదు, కాబట్టి మీ కోడ్ నడవదు. కానీ మెమరీలో మీరు ఇంతకుముందు తయారుచేసుకున్నది ఏదీ లేదు. యాప్ ఢమాల్. మీ ఫోన్‌లో ఎప్పుడూ రాదు, తక్కువ ర్యామ్ ఉన్న యూజర్ ఫోన్‌లోనే వస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం. ఆ నల్ చెక్‌ని మొదటి ఫ్రాగ్‌మెంట్ (స్క్రీన్‌లో ఒక ముక్క) అతికించడం లాంటి పనులకి మాత్రమే వాడండి, మెమరీలో తయారు కావాల్సిన వాటికి వద్దు.

మానిఫెస్ట్‌లో కాన్ఫిగ్ ఛేంజెస్ రాసి యాక్టివిటీ మళ్లీ కట్టకుండా ఆపేయొచ్చు కదా అంటారు. ఆపొచ్చు. గోడ పగులు మీద క్యాలెండర్ తగిలించినట్టు ఉంటుంది. ప్రాసెస్ చచ్చిపోతే మాత్రం అది ఆపలేదు.

4. ఇన్‌స్టాల్‌కి ఒక్కసారి నడవాల్సిందానికి ఫ్లాగ్

షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో గానీ డేటాస్టోర్‌లో గానీ (రెండూ ఫోన్‌లో చిన్న విలువలు దాచుకునే చోట్లే) ఒక గుర్తు, అంటే ఫ్లాగ్, రాసుకోవడమే. వినడానికి ఇంతే, తప్పులు మాత్రం ఇక్కడే కుప్పలు.

వరుస ఇలా ఉండాలి: గుర్తు చదవండి, లేకపోతే పని చేయండి, పని పూర్తయ్యిందని తేలాక గుర్తు రాయండి. ముందు గుర్తు రాసేసి తర్వాత పని మొదలుపెడితే, మధ్యలో నెట్ పోయిందనుకోండి, మెట్రోలోంచి దిగి సెల్లార్ పార్కింగ్‌లోకి వెళ్లారనుకోండి, పని సగంలో ఆగిపోతుంది, గుర్తు మాత్రం "అయిపోయింది" అంటుంది. ఆ యూజర్‌కి ఇక జన్మలో ఆ సెటప్ జరగదు, యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటే తప్ప.

పని అయ్యాక గుర్తు రాసేలోపు యాప్ క్రాష్ అయితే? అప్పుడు పని రెండోసారి నడుస్తుంది. దీన్ని పూర్తిగా ఆపలేరు, కాబట్టి రెండోసారి నడిచినా నష్టం లేకుండా పనిని రాయండి. డేటాబేస్‌లో వరుసలు నింపేటప్పుడు ఒక్కో వరుసకి స్థిరమైన ఐడీ ఇచ్చి, ఆ ఐడీ ఇప్పటికే ఉంటే వదిలేయమని చెప్పండి. నన్నడిగితే ఫ్లాగ్ కంటే ఇదే ముఖ్యం.

అప్లై, కమిట్ తేడా చాలామందికి తెలియదు. అప్లై మెమరీలో వెంటనే మారుస్తుంది, డిస్క్ మీద మెల్లగా వెనక రాస్తుంది. కమిట్ డిస్క్ మీద రాసేదాకా ఆగి, రాశానో లేదో చెప్తుంది. మామూలు సెట్టింగ్స్‌కి అప్లై చాలు. ఈ గుర్తుకి మాత్రం బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ మీద కమిట్ వాడండి.

ట్రూ, ఫాల్స్ బదులు ఒక సంఖ్య రాసుకోండి. ఇవాళ సెటప్ 1. ఆరు నెలల తర్వాత ఇంకో పని కలిస్తే సెటప్ 2. రాసి ఉన్నది 1 అయితే రెండో పని మాత్రమే నడిపించి 2 అని రాయండి. ట్రూ, ఫాల్స్‌తో మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరిగేసరికి "మొదటిసారి", "మొదటిసారి కొత్తది", "మొదటిసారి కొత్తది రెండు" అని కీలు పెట్టుకుంటూ కూర్చుంటారు. నా పాత ప్రాజెక్ట్ తెరిస్తే అచ్చం అలాగే ఉంటుంది.

5. రెండు దారుల్లోంచి ఒకేసారి వస్తే

స్ప్లాష్ స్క్రీన్ ఒక కోరుటీన్‌లో (వెనక నడిచే పని) సెటప్ మొదలుపెట్టింది, అదే క్షణంలో నోటిఫికేషన్ కోడ్ కూడా సెటప్ అడిగింది. ఇద్దరూ గుర్తు చదివారు, ఇద్దరికీ "లేదు" అనే కనిపించింది, ఇద్దరూ పని చేశారు. గుర్తు చదవడం, పని చేయడం, గుర్తు రాయడం, ఈ మూడింటినీ కలిపి ఒకే మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరినే రానిచ్చే తాళం) లోపల పెట్టండి. రెండోవాడు తాళం దొరికాక మళ్లీ గుర్తు చదువుతాడు కాబట్టి ఊరికే వెనక్కి పోతాడు. తాళం బయట చదివి లోపల పని చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

వర్క్ మేనేజర్‌లో యూనిక్ వర్క్, కీప్ పాలసీ పెట్టాం కదా చాలదా అంటే, చాలదు. అదే పేరుతో పని ఇంకా పూర్తికాకుండా ఉంటేనే కీప్ కొత్తదాన్ని ఆపుతుంది. పాతది అయిపోయాక అడిగితే హాయిగా ఇంకోటి మొదలవుతుంది. ఫ్లాగ్ ఎలాగూ ఉండాలి.

6. బ్యాకప్ సంగతి మర్చిపోవద్దు

ఇది తెలియక నేను ఒక రోజంతా తల బాదుకున్నాను. యాప్ తీసేశాను, మళ్లీ వేశాను, పరిచయం స్క్రీన్ రాలేదు. డేటా అంతా పోయింది కదా, గుర్తు ఎక్కడినుంచి వచ్చింది?

ఆండ్రాయిడ్ 6 నుంచి ఆటో బ్యాకప్ ఉంది. మీరు వద్దనకపోతే యాప్ ఫైళ్లు, షేర్డ్ ప్రిఫరెన్సెస్‌తో సహా, యాప్‌కి 25 ఎంబీ దాకా యూజర్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్తాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు తిరిగొచ్చేస్తాయి, మొదటిసారి తెరవకముందే. జగదీష్ మార్కెట్‌లో కొత్త ఫోన్ కొని పాత ఫోన్‌లోంచి అంతా మార్చుకున్నవాళ్లకీ ఇదే జరుగుతుంది: ఫోన్ కొత్తది, గుర్తు పాతది. ఆ ఫోన్‌కే సంబంధించిన ఐడీ, నోటిఫికేషన్ టోకెన్ లాంటివి "ఇప్పటికే రిజిస్టర్ చేశాం" అనుకుని యాప్ మళ్లీ చేయదు, నోటిఫికేషన్లు రావు.

మందు: ఈ గుర్తులకి విడిగా ఒక ప్రిఫరెన్సెస్ ఫైల్ పెట్టుకుని, బ్యాకప్ రూల్స్ ఎక్స్ఎంఎల్‌లో ఆ ఫైల్‌ని మినహాయించండి. ఆండ్రాయిడ్ 11 వరకు ఒక రకం రూల్స్ ఫైల్, 12 నుంచి డేటా ఎక్స్‌ట్రాక్షన్ రూల్స్ అనే ఇంకో రకం, రెండూ రాయాలి. రెండో దాంట్లో క్లౌడ్ బ్యాకప్‌కీ, ఫోన్ నుంచి ఫోన్‌కి మార్చుకోవడానికీ విడివిడిగా చెప్పాలి. ఇదంతా ఎందుకు అనుకుంటే నో బ్యాకప్ ఫోల్డర్ అని ఒకటి సిస్టమే ఇస్తుంది, అందులో ఖాళీ ఫైల్ ఒకటి సృష్టించి, అది ఉంటే పని అయినట్టు, లేకపోతే కానట్టు అనుకోవచ్చు. చిన్న యాప్‌లకి నేను ఇదే చేస్తాను. అలో బ్యాకప్ ఫాల్స్ అని రాసి చేతులు దులుపుకోకండి, ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని కంపెనీల ఫోన్లలో అది క్లౌడ్ బ్యాకప్‌ని ఆపుతుంది గానీ ఫోన్ నుంచి ఫోన్‌కి మార్పుని ఆపదు.

7. వెర్షన్‌కి ఒక్కసారి

చివరిసారి నడిచిన వెర్షన్ కోడ్ రాసుకుని, ఇప్పటి దానితో పోల్చండి. ఒక్క చిక్కు: రాసుకున్నది ఏమీ లేకపోతే అతను కొత్త యూజరా, లేక ఈ లెక్క మీరు మొదలుపెట్టక ముందు నుంచే ఉన్న పాత యూజరా? ప్యాకేజీ ఇన్ఫోలో మొదట ఇన్‌స్టాల్ చేసిన సమయం, చివరి అప్‌డేట్ సమయం ఉంటాయి. రెండూ ఒకటే అయితే కొత్తవాడు. అప్పుడే వచ్చినవాడికి "కొత్తగా ఏముంది" చూపిస్తే వాడికి అన్నీ కొత్తవే కదా.

8. మనిషికి ఒక్కసారి నడవాల్సింది ఫోన్‌లో ఆపలేరు

మెస్ కూపన్‌కి నేను మొదట ఫ్లాగ్ పెట్టాను. తిప్పితే రావడం ఆగింది. రెండు రోజులకి అదే పిల్లాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లియర్ డేటా కొట్టడం కనిపెట్టాడు. డబ్బుతో ముడిపడినది ఏదైనా సర్వర్ తేల్చాలి. డేటాబేస్‌లో యూజర్ నంబర్, కూపన్ పేరు రెండూ కలిపి యూనిక్ అని పెట్టాను, యాప్ వందసార్లు అడిగినా వరుస ఒకటే పడుతుంది. ఆ తర్వాత ఓనర్ నుంచి ఫోన్ రాలేదు, ఆ పిల్లాడు మాత్రం మా ఆదివారం బ్యాచ్‌లో చేరాడు.

9. నిజంగా ఒక్కసారే నడుస్తోందా, చూసుకునే పద్ధతి

పని మొదలయ్యే చోట ఒకటి, పూర్తయ్యే చోట ఒకటి లాగ్ లైన్లు పెట్టండి, అందులో ప్రాసెస్ ఐడీ కూడా వేయండి. లాగ్‌క్యాట్ (స్టూడియోలో లాగ్ లైన్లు కనిపించే చోటు) తెరిచి, ఆ ట్యాగ్ మీద ఫిల్టర్ పెట్టి, ఈ వరుసలో చేయండి. బ్రాకెట్‌లో ఇన్‌స్టాల్‌కి ఒక్కసారి రకం పనికి ఎన్నిసార్లు లాగ్ రావాలో రాశాను.

- ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) పీఎం క్లియర్ కొట్టి, అంటే యాప్ డేటా చెరిపేసి, యాప్ తెరవండి (1).
- ఫోన్‌ని మూడుసార్లు తిప్పండి, డార్క్ మోడ్ మార్చండి (0).
- వెనక్కి నొక్కి బయటికొచ్చి మళ్లీ తెరవండి (0). ఆండ్రాయిడ్ 12 నుంచి వెనక్కి నొక్కితే మొదటి స్క్రీన్ చావదు, వెనక్కి జరుగుతుంది అంతే. పాత ఫోన్‌లో చస్తుంది, దొరికితే రెండిట్లోనూ చూడండి.
- హోమ్ నొక్కి, ఏడీబీలో ఏఎం కిల్ కొట్టి (ఇది ప్రాసెస్‌ని చంపుతుంది), రీసెంట్స్‌లోంచి తిరిగి రండి (0). మూడో మెట్టులో చెప్పిన ఢమాల్ ఇక్కడే బయటపడుతుంది. యాప్ ముందు ఉండగా కిల్ కొడితే ఏమీ జరగదు, హోమ్ నొక్కడం మర్చిపోకండి.
- ఫోర్స్ స్టాప్ చేసి తెరవండి (0). ప్రాసెస్‌కి ఒక్కసారి రకం పనికైతే ఇక్కడ 1 రావాలి.
- పాతదాని మీదే కొత్త బిల్డ్ ఇన్‌స్టాల్ చేయండి (0). స్టూడియోలో రన్ నొక్కితే జరిగేది మామూలుగా ఇదే, డేటా పోదు. "కోడ్ మార్చినా పరిచయం స్క్రీన్ రావట్లేదు" అని కంగారు పడేది ఇందుకే.
- ఏడీబీలో బీఎంజీఆర్ అనే బ్యాకప్ కమాండ్‌తో బ్యాకప్ తీయించి, యాప్ తీసేసి, మళ్లీ వేసి తెరవండి (1). 0 వస్తే ఆరో మెట్టుకి వెళ్లండి.
- క్లియర్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో తెరవండి. మొదలైనట్టు లాగ్ రావాలి, పూర్తయినట్టు రాకూడదు. నెట్ ఆన్ చేసి మళ్లీ తెరిస్తే రెండూ రావాలి. ఇది నెట్ అవసరమున్న పనులకే.

మిగతావాళ్లకి

ఫ్లట్టర్: స్క్రీన్ తయారుచేసే బిల్డ్ ఫంక్షన్ ఎన్నిసార్లైనా నడుస్తుంది, అందులో ఏ పనీ మొదలుపెట్టకండి. ఫ్యూచర్ బిల్డర్‌కి ఇచ్చే ఫ్యూచర్‌ని కూడా అక్కడే తయారుచేయకండి, ఇనిట్ స్టేట్‌లో తయారుచేసి దాచుకోండి. హాట్ రీలోడ్ చేస్తే మెయిన్ గానీ ఇనిట్ స్టేట్ గానీ మళ్లీ నడవవు, కాబట్టి పరీక్షించేటప్పుడు హాట్ రీస్టార్ట్ వాడండి.

రియాక్ట్ నేటివ్: స్ట్రిక్ట్ మోడ్‌లో, రియాక్ట్ 18 నుంచి, డెవలప్‌మెంట్‌లో యూజ్ ఎఫెక్ట్ కావాలనే రెండుసార్లు నడుస్తుంది. టెన్షన్ పడి స్ట్రిక్ట్ మోడ్ తీసేయకండి. నిజంగా ఒక్కసారి కావాల్సినదానికి కాంపొనెంట్ బయట, మాడ్యూల్ పైన ఒక వేరియబుల్ పెట్టి దాన్ని చూసుకోండి.

ఐఫోన్: స్విఫ్ట్‌లో స్టాటిక్ లెట్ ప్రాసెస్‌కి ఒక్కసారే తయారవుతుంది, థ్రెడ్ల గొడవ లేదు. ఆన్ అపియర్ మాత్రం స్క్రీన్ కనిపించిన ప్రతిసారీ రావచ్చు. యాప్ తీసేస్తే యూజర్ డిఫాల్ట్స్ పోతాయి, కీచెయిన్‌లో పెట్టింది మామూలుగా ఉండిపోతుంది. గుర్తుని ఎందులో పెడుతున్నారో చూసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా లాగ్ రెండుసార్లు వస్తుంటే ప్రాసెస్ ఐడీ చూడండి. రెండు లైన్లలోనూ ఐడీ ఒకటే అయితే మూడో మెట్టు గానీ ఐదో మెట్టు గానీ తప్పింది. ఐడీలు వేరైతే, రెండు ప్రాసెస్‌లు ఒకేసారి బతికి ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండో మెట్టులో మూడో జాగ్రత్త. ఒకటి చచ్చాక ఇంకోటి పుట్టి ఉంటే గుర్తు డిస్క్ మీద పడలేదన్నమాట, నాలుగో మెట్టులో కమిట్ దగ్గర వెతకండి.